జాకెట్ల కొట్టు, లేడీస్ టైలర్, వాళ్ళబ్బాయి

లైనింగు గుడ్డ తడిపి ఆరేస్తే ఒక వాసన వస్తుంది. కొత్త గుడ్డకి పట్టించిన గంజి నీళ్ళలో నాని, ఎండకి సగం ఆరాక, కొంచెం పుల్లగా, కొంచెం వెచ్చగా. టైలర్ల ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి అది పట్టదు. మొన్న పెళ్ళి పనుల మీద మండపేట వెళ్ళి, మా మరదలి బొటిక్‌కి వెనకవైపు మెట్లెక్కుతుంటే ఆ వాసన తగిలింది. తీగ మీద ఎరుపు, పసుపు, చిలకపచ్చ, వంకాయ రంగు లైనింగులు వరసగా వేలాడుతున్నాయి. కింద బకెట్ ముందు పీటేసుకుని మా మావయ్య.

చూపు ఆనడం మానేశాక కత్తెర వదిలేశాడు గానీ లైనింగు తడపడం మాత్రం ఇంకొకళ్ళకి ఇవ్వడు. "తడపకుండా కుట్టిచ్చామనుకో, మొదటి ఉతుక్కే చంక దగ్గర పట్టేస్తుంది. తిట్లు మనకి" అంటాడు. ఈ మాట నా చిన్నప్పుడూ అన్నాడు.

నన్ను చూసి మరదలు బయటికొచ్చింది. "రాత్రి టీవీలో మీ రెండో లేడీస్ టైలర్ వేశాడు బావా. నాన్న చివరిదాకా చూశాడు" అంది. "అంత చెత్త సినిమా చివరిదాకా ఎలా చూశారు మావయ్యా?" అన్నాను. "చెత్తని ఎవడన్నాడ్రా?" అని బకెట్లోంచి చెయ్యి తీశాడాయన. లోపల్నుంచి అత్తయ్య, "మళ్ళీ మొదలెట్టకండి, పెళ్ళి పనులున్నాయి" అని కేకేసింది.

మా ఇంట్లో ఇది పాత తగువు. ఆ రెండో సినిమాకి, అంటే లేడీస్ టైలర్‌కి కొనసాగింపుగా దర్శకుడు వంశీ తీసిన ఫ్యాషన్ డిజైనర్‌కి, వచ్చిన చెడ్డపేరు న్యాయమా కాదా అని. మాకెందుకంత పట్టింపో తెలియాలంటే మావయ్య కొట్టు దగ్గర మొదలెట్టాలి.

*

మండపేట నుంచి రామచంద్రపురం వెళ్ళే దారిలో, కాలవ గట్టునానుకుని ఉన్న ఊరు మాది. బస్సు ఆగే చోట టీ కొట్టు, సైకిల్ షాపు, వాటి పక్కన మావయ్య కొట్టు. తాటాకు పందిరి, రెండు తొక్కుడు మిషన్లు, గుడ్డ పరిచి కత్తిరించడానికి పొడుగాటి టేకుబల్ల. బోర్డు మీద "లేడీస్ టైలర్" అని ఎర్రటి అక్షరాలు, కింద చిన్నగా "జాకెట్లు, లంగాలు, గౌన్లు చెప్పిన టైముకి కుట్టి ఇవ్వబడును". ఆ టైము మాట ఊరందరికీ జోకు.

వేసవి సెలవులంటే నాకు ఆ కొట్టే. హుక్కులు కుట్టడం, కాజాలు తియ్యడం, బొగ్గుల ఇస్త్రీపెట్టె విసరడం నా పని. ఆది జాకెట్టు ఇచ్చి వెళ్ళినవాళ్ళ గుడ్డలోంచి చిన్న ముక్క కత్తిరించి, పుస్తకంలో వాళ్ళ పేరెదురుగా గుండుసూదితో గుచ్చాలి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం మూసుకునేది కాదు, పొట్ట ఉబ్బిపోయి. ఏ పేజీ తిప్పినా ఎవరింట్లో ఎప్పుడు శుభకార్యం జరిగిందో తెలిసిపోయేది.

మావయ్య టేపు పట్టుకుని ఎవర్నీ కొలవగా నేను చూళ్ళేదు. ఆది జాకెట్టు బల్ల మీద పరిచి, వేళ్ళతో మెడా చేతులూ చూసి, సుద్దముక్కతో గీత గీసేవాడు. మనిషి ఒళ్ళు చేసిందా తగ్గిందా అన్నది జాకెట్టు పక్క కుట్లు చూసి చెప్పేవాడు. "ఏమ్మా, ఒక అరంగుళం వదలమంటావా?" అంటే, అవతలావిడ సిగ్గుపడి "ఆయ్, మీ ఇష్టవండి" అనేది.

కొట్టుకి డబ్బొచ్చేదీ, ఈగలు తోలేదీ పంటల్ని బట్టి. సార్వా, అంటే వానాకాలం పంట, కోతలయ్యి ధాన్యం అమ్ముడయ్యాక సంక్రాంతి జాకెట్లు. దాళ్వా, అంటే రెండో పంట, అయ్యాక పెళ్ళిళ్ళు. కాలవలు కట్టేసే ముందు ఊరు ఊరంతా ద్వారపూడి వెళ్ళి బట్టలు తెచ్చుకునేవారు. అక్కడ టోకు కొట్లలో చవగ్గా దొరికేవి కదా. ఆ మర్నాడు మా కొట్టు ముందు ఆడవాళ్ళ క్యూ. జాకెట్టు ఇచ్చి వెళ్ళిపోవడానికి కాదు, కూర్చోడానికి వచ్చేవాళ్ళు. బల్ల చివర కూలబడి కోడలి సంగతులు, గేదె ఈనిన సంగతులు చెప్పుకునేవాళ్ళు. మావయ్య తొక్కుతూనే ఊఁ కొట్టేవాడు. మిషను ఆగిందంటే అసలు సంగతి వచ్చిందన్నమాట.

ఇంకోపక్క రేడియో. ఆకాశవాణి విజయవాడలో జనరంజని పెట్టేవాడు. తర్వాత టేప్‌రికార్డర్ కొన్నాడు. పాట దరువుకి కాలు కలిస్తే కుట్టు తిన్నగా వస్తుందని ఆయన నమ్మకం. విషాద గీతాలొస్తే ఆపేసేవాడు. "ఈ పాటకి కుడితే మెడ వంకర పోద్దిరా" అనేవాడు.

*

గోదారికి ఆ పెద్ద వరదలొచ్చిన ఏడాది, 1986లో, ధవళేశ్వరం దగ్గర ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు దాటాయని పెద్దవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. లంకల్లో ఉన్న చుట్టాలు మా అరుగు మీదే ఉన్నారు కొన్నాళ్ళు. ట్రంకుపెట్టెల్లో నానిపోయిన చీరలు, రంగులు దిగిన జాకెట్లు మావయ్య దగ్గరికి తెచ్చేవారు, ఏమైనా పనికొస్తుందేమో చూడమని.

ఆ ఏటి సినిమానే లేడీస్ టైలర్. మా ఊరి టాకీస్‌కి రావడానికి ఇంకొంత కాలం పట్టింది. రిక్షా మీద మైకు పెట్టుకుని, రంగు కాయితాలు విసురుకుంటూ వచ్చారు. మన పసలపూడి వంశీ తీశాడట, టైలర్ మీదట, అనగానే మావయ్య మొహం వెలిగిపోయింది. వంశీ సొంతూరు పసలపూడి మాకు సైకిలు దూరం. మన ఊళ్ళూ, మన యాసా, పైగా మన వృత్తి. పెద్ద హీరోలంతా డాక్టర్లూ ఇంజినీర్లూ అవుతుంటే, మొట్టమొదటిసారి హీరో జాకెట్లు కుడుతున్నాడు. మావయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కుటుంబం మొత్తాన్నీ బెంచీ టికెట్టుకి తీసుకెళ్ళాడు. నమో వెంకటేశా పాట అయిపోయి లైట్లు ఆరేదాకా అందరికీ సోడాలు.

సినిమా మొదలయ్యాక మావయ్య బెంచీ మీద కిందకి జారడం మొదలెట్టాడు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రాజేంద్రప్రసాద్ సుందరం అనే బద్ధకస్తుడు. తొడ మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయిని చేసుకుంటే రాజయోగం పడుతుందని ఒకడు జోస్యం చెబుతాడు. ఇక మచ్చ వెతుకుతూ ఆడవాళ్ళ చుట్టూ తిరగడమే వాడి పని. పక్కన బట్టల సత్యంగా మల్లికార్జునరావు, సీతారాముడుగా శుభలేఖ సుధాకర్. టీచరమ్మ సుజాతగా అర్చన. మాటలు తనికెళ్ళ భరణి. శ్రవంతి రవికిశోర్‌కి నిర్మాతగా అది తొలి సినిమా.

మర్నాటి నుంచి కొట్టు ముందు వెళ్ళే ప్రతి కుర్రాడూ "సుందరం గారూ, దొరికిందాండీ?" అని అరవడం. ఊళ్ళో మేమంతా జ భాష. "జనుజవ్వు జరా" అంటే నువ్వు రా అని. సినిమాలో జమజచ్చ అన్నట్టు మేం పరీక్షల్లో కూడా అదే గుసగుసలు. మావయ్య మాత్రం కొన్నాళ్ళు తలెత్తలేదు. అత్తయ్య వంట తొందరగా ముగించి కొట్లో వచ్చి కూర్చునేది. కాపలాకి కాదు, తోడుకని చెప్పేది. ఆడవాళ్ళు మాత్రం మానలేదు. పైగా ఎగతాళి ఎక్కువైంది. "సుందరంలా తిరక్కు, మా జాకెట్టు పూర్తి చెయ్యి" అనేవాళ్ళు. అంతవరకూ ఊఁ కొట్టడమే తెలిసిన మావయ్య ఎదురు మాట్లాడ్డం మొదలెట్టింది ఆ సినిమా తర్వాతే.

కోపం పోగొట్టింది పాటలు. క్యాసెట్ నేనే తెచ్చాను, భయపడుతూ. ఇళయరాజా సంగీతం, సిరివెన్నెల మాటలు. "ఎక్కడ ఎక్కడ" పాట మొదలవ్వగానే మావయ్య కాలు దానంతటదే పెడలు మీదికి వెళ్ళింది. ఆ నడక తొక్కుడు మిషనుకి కొలిచి కుట్టినట్టుంటుంది. "గోపీలోలా" పాట అయితే చెప్పక్కర్లేదు. నీళ్ళలో ఉన్న ఆడవాళ్ళు తమ బట్టలు తమకిమ్మని బతిమాలే పాట అది, చిలిపి పాటే, కానీ వింటే భజన గుర్తొస్తుంది. మా ఊరి భజన బృందంలో ఒకాయన దాన్ని నిజంగానే కృష్ణుడి పాటనుకుని కోవెల్లో అందుకున్నాడు. పూజారిగారు కూడా చిడతలు వేశారు. హాయమ్మ హాయమ్మ అయితే నాట్లేసే ఆడవాళ్ళ నోట కూడా విన్నాను.

పాట సంగతి ఎత్తాను గనక ఇంకో విషయం. అంతకు ముందు ఏడాది వంశీ, రాజేంద్రప్రసాద్, ఇళయరాజా కలిసి ప్రేమించు పెళ్ళాడు చేశారు. ఆడలేదు. కానీ "వయ్యారి గోదారమ్మ" రాని గోదావరి జిల్లా ఇల్లు ఏదైనా ఉందా? సినిమా పోయింది, పాట ఉండిపోయింది. సినిమా ఆడింది, ఆడలేదు అన్న మాటని నేను పూర్తిగా నమ్మకపోవడానికి ఆ పాటే కారణం.

*

2017లో వంశీ మళ్ళీ తీశాడు, ఫ్యాషన్ డిజైనర్, సన్నాఫ్ లేడీస్ టైలర్ అని. అప్పటికి మా ఊళ్ళో కొట్టు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పందిరి పోయింది. రెడీమేడ్లు వచ్చి గౌన్లూ లంగాలూ ముందే పోయాయి. మిగిలినవి జాకెట్లు. వాటికీ జనం మండపేట, రాజమండ్రి వెళ్ళడం మొదలెట్టారు. మా మరదలు హైదరాబాద్‌లో కోర్సు చేసొచ్చి, "నాన్నా, జాకెట్లు నువ్వు కుట్టే రేటుకి కుడితే అద్దె కూడా రాదు" అని మండపేటలో బొటిక్ పెట్టింది. కాబట్టి ఫ్యాషన్ డిజైనర్ అన్న పోస్టరు చూడగానే మా ఇంట్లో అందరూ అది తమ గురించే అనుకున్నారు. లేడీస్ టైలర్ పిల్ల ఫ్యాషన్ డిజైనర్ అవ్వడం మా ఇంట్లో అప్పటికే జరిగిపోయింది కదా.

రాజమండ్రిలో చూశాం. మావయ్య, మరదలు, నేను. హాల్లో పల్చగా ఉన్నారు జనం. సుమంత్ అశ్విన్ గోపాలం, అంటే సుందరం కొడుకు. తండ్రికి మచ్చ అయితే కొడుక్కి చేతిలో మన్మథ రేఖ. దాన్ని పెట్టుబడిగా పెట్టుకుని డబ్బున్న అమ్మాయిల్ని పడేసి పైకి రావాలని చూస్తాడు. సంగీతం మణిశర్మ.

ఇంటర్వెల్లో సమోసా తింటూ మావయ్య అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తుంది. "ఆ సుందరంగాడంటే బద్ధకస్తుడని మొదట్లోనే చెప్పారు, వాడు కుట్టకపోయినా సరే. ఈ కుర్రాడు బద్ధకస్తుడని ఎవరూ చెప్పలేదే. మరి పనెప్పుడు చేస్తాడు?"

ఆ సినిమా మీద వచ్చిన విమర్శలన్నీ చదివాను. రాజేంద్రప్రసాద్ లాంటి హీరో దొరకలేదన్నారు. ఇళయరాజా లేకపోతే వంశీ లేడన్నారు. బూతెక్కువైందన్నారు. పాత సరుకన్నారు. వీటిల్లో నాకు సగం ఎక్కలేదు. ఇళయరాజా లేకుండా, చక్రి సంగీతంతో అదే వంశీ 2002లో అవును వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు తీస్తే జనం నెత్తిన పెట్టుకున్నారు. సంగీత దర్శకుడు మారితే చేతకానివాడైపోయే మనిషి కాదాయన. బూతు సంగతికొస్తే, మొదటి సినిమాలో ఉన్నదేంటి? పెళ్ళి ఆశ చూపించి ఒకరి తర్వాత ఒకరి మచ్చ వెతకడం. మా అమ్మ తరం నవ్వుకుంది. నా కూతురికి చూపిస్తే పావుగంటకి లేచిపోయింది. దాన్ని నేను తప్పు పట్టను. మొదటిదాన్ని పూజగదిలో పెట్టి రెండోదాన్ని గుమ్మం అవతల నిలబెట్టడం నాకు సరిగ్గా అనిపించదు. ఒక చేత్తో కుట్టినవే రెండూ.

అయితే తేడా ఎక్కడుంది? మావయ్య అడిగిన దాంట్లోనే ఉంది. మొదటి సినిమాలో ఊరుంది. ఊరంతా పని చేస్తుంటుంది, వాడొక్కడే చెయ్యడు. అందుకే వాడి బద్ధకం మనకి నవ్వొస్తుంది. వాడు మోసం చెయ్యబోయే ఆడవాళ్ళు కూడా ఎవరికి వాళ్ళే. నీలవేణి మాట్లాడినట్టు దయ మాట్లాడదు, నాగమణి ఇద్దరిలా ఉండదు. వాళ్ళని మా కొట్టు బల్ల చివర కూర్చోబెట్టొచ్చు. బట్టల సత్యం మా సంతలో మూట దించేవాడే. రెండోదాంట్లో గోదారుంది, లంకలున్నాయి, పచ్చదనం ఉంది, మనుషులే నాకు పల్చగా కనిపించారు. ఊళ్ళో అమ్మాయిల మధ్య టైలర్ ఎందుకుంటాడో మొదటి సినిమా అడక్కుండానే చెప్పింది, కొట్టే కారణం. ఫ్యాషన్ డిజైనర్‌లో ఆ కొట్టు నాకు ఆనలేదు. రేఖే కనిపించింది.

మరదలికి మాత్రం వేరే కోపం. "బావా, డిజైనర్ అవ్వాలంటే అమ్మాయిల్ని పడెయ్యాలా? నేను ముద్ర లోను కోసం బ్యాంకు మెట్లెక్కీ ఎక్కీ చెప్పులరిగాయి. అది తీస్తే కామెడీ సినిమా అవదా?" నిజమే. పట్టుచీర మీదికి మగ్గం వర్క్ జాకెట్టు ఇవాళ పెళ్ళిలో చీరతో పోటీ పడుతోంది. ఫ్రేముకి గుడ్డ బిగించి బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు పగలూ రాత్రీ సూది దించుతుంటారు. పెళ్ళికూతురు ఇన్‌స్టాలో ఫొటో చూపించి ఇదే కావాలంటుంది. తల్లి రేటు విని గుండె పట్టుకుంటుంది. ముహూర్తం రేపనగా మెడ డిజైను మార్చమంటారు. ఎంత టెన్షన్, ఎంత నవ్వు ఆ గదిలో! వంశీ ఒక్క పూట అక్కడ కూర్చునుంటే మనకి ఇంకో సినిమా వచ్చేదని నా నమ్మకం.

*

ఇంతకీ చెడ్డపేరు న్యాయమా? కథ మటుకు న్యాయమే అంటాను. పాటల మీద మాత్రం తీర్పు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఎందుకంటే, బొటిక్‌లో ఆ రోజు గమనించాను. మగ్గం గదిలో కుర్రాళ్ళందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు. ఎవడి పాట వాడిది. ఒకడు బెంగాలీ, ఒకడు భోజ్‌పురి, మూలనున్న వాడు క్రికెట్ కామెంటరీ. ముందు గదిలో ఏసీ చప్పుడు. కరెంటు మిషన్లు ఒకటే రొద, దానికి దరువు లేదు. ఈ గదిలోకి "గోపీలోలా" ఇవాళ కొత్తగా వచ్చినా ఎవరి నోటికి అంటుకుంటుంది? మా కాలంలో ఒక పాట బావుందని మేం తేల్చుకోలేదు, కొట్లో రోజంతా మోగి మోగి అదే మాకు పట్టేసింది. మణిశర్మ పాటలకి ఆ అవకాశం మేమివ్వలేదు. హాల్లో ఒకసారి విన్నాం, బయటికొచ్చి పాత పాటలతో పోల్చి పక్కన పడేశాం. ముప్పై ఏళ్ళుగా కుట్టుకుంటూ విన్నవాటితో, సమోసా తింటూ విన్నవాటికి పోటీ పెట్టాం.

ఇదే మాట మరదలితో అంటే, "అయితే రేపట్నుంచి ఆ పాటలు స్పీకర్లో పెడతా, నెల రోజులు విని చెప్పు" అంది. అన్నట్టే పెట్టింది. మధ్యాహ్నానికి ఒక కస్టమరొచ్చి "అమ్మాయ్, పాతవి లేవా?" అని అడిగిందట. అక్కడితో ప్రయోగం సమాప్తం.

మావయ్య మాత్రం ఈ తగువులో ఎటూ చేరడు. రెండో సినిమా టీవీలో ఎప్పుడొచ్చినా కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంటాడు. ఆనకపోయినా నీళ్ళూ ఆకుపచ్చా తెలుస్తాయట. "గోదారిని ఎంత బాగా తీశాడ్రా" అంటాడు. పాట రాగానే రిమోటు నొక్కి సౌండు తీసేస్తాడు. కుర్రాడూ అమ్మాయిలూ లంకల్లో ఆడుతుంటే, ఈయన కుర్చీ కింద కాలు ఆడిస్తూ "గోపీలోలా" అందుకుంటాడు. మొన్న నేనూ చూశాను. చరణాలు మర్చిపోయాడు, పల్లవే తిప్పి తిప్పి పాడుతున్నాడు. పాట అయిపోయినా సౌండు పెట్టడం గుర్తులేదు. "ఆ మాటలు వినపడకపోతే కథేం తెలుస్తుందండీ?" అని అత్తయ్య వంటింట్లోంచి. "తెలిస్తే ఏం లాభం?" అన్నాడు మావయ్య.